అమ్మ మెడకు ఎంత ఎత్తు దిండు కుట్టాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హన్మకొండ. నాన్నకు దూది పరుపులు, దిండ్లు కుట్టే దుకాణం ఉంది. డిగ్రీ అయ్యాక నేను కూడా అందులోనే కూర్చుంటున్నాను. ఈ మధ్య వచ్చేవాళ్లలో చాలామంది "మెడ నొప్పికి మెత్త ఉందా, సర్వైకల్ పిల్లో ఉందా" అని అడుగుతున్నారు. లేదంటే ఆన్‌లైన్‌లో మెమొరీ ఫోమ్‌ది తెప్పించుకుంటున్నారు. అలాంటిది మనమే ఎందుకు కుట్టకూడదని నా ఆలోచన. నాన్నేమో "దూది మెత్తను మించింది లేదు, ఈ వంకర మెత్తలు ఏంది" అంటారు. ఇంకో సంగతి. మా అమ్మకు ఏడాదిగా మెడ నొప్పి. పక్కకు తిరిగి, రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటుంది. తెలిసినాయన ఒకరు అసలు దిండే వద్దన్నారు. మానేసి చూస్తే నొప్పి ఇంకా పెరిగింది. రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని కూడా అంటోంది. ఏ ఆకారంలో, ఎంత ఎత్తులో, దేనితో కుడితే మంచిది?
ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, దిండు సంగతి తర్వాత. ముందు అమ్మ చేతి సంగతి చూద్దాం.

రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే మెడ దగ్గర నరం నొక్కుకుని ఉండవచ్చు, మణికట్టు దగ్గరైనా నొక్కుకుని ఉండవచ్చు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, నిద్రలేచి చేయి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు మీద అనుమానం ఎక్కువ. మెడ నుంచి భుజం మీదుగా చేతిలోకి లాగుతూ, మెడ తిప్పినప్పుడు పెరుగుతుంటే మెడ మీద అనుమానం. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు కూడా ఇది రావచ్చు. ఇందులో ఏదో నువ్వూ నేనూ దిండుతో తేల్చలేం. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో, మీకు దగ్గర్లోని ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరో చూపించు. ఏ వేళ్లు, రాత్రి ఏ టైంలో, ఎంతసేపు అన్నది రాసి తీసుకెళ్తే వాళ్లకు సగం పని తగ్గుతుంది. చేతిలో పట్టు తగ్గి గిన్నెలు జారిపోతున్నా, నడిస్తే తూలుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, మెడ నొప్పితో పాటు జ్వరం ఉన్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు. అలాంటప్పుడు దిండు మార్చి చూద్దామని కూర్చుంటే విలువైన టైం పోతుంది.

ఇక నీ దిండు. నాన్న మాటా, ఆన్‌లైన్ ప్రకటనల మాటా రెండూ దేనితో కుట్టాలన్నదాని చుట్టే తిరుగుతున్నాయి. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఎత్తు. పడుకున్నప్పుడు తలకూ పరుపుకూ మధ్య ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని సరిగ్గా నింపడమే దిండు పని. ఎక్కువ నింపితే మెడ ఒకవైపు వంగుతుంది, తక్కువ నింపితే ఇంకోవైపు వంగుతుంది. ఆ ఖాళీ ఎంతన్నది మనిషిని బట్టి, పడుకునే తీరును బట్టి, కింద ఉన్న పరుపును బట్టి మారుతుంది. అందుకే బజార్లో అందరికీ ఒకే అచ్చులో పోసి అమ్మే దిండు కొందరికి అమృతంలా ఉంటుంది, కొందరికి మర్నాటికే మూలన పడుతుంది.

మెడలో ఏడు వెన్నుపూసలుంటాయి. పక్క నుంచి చూస్తే అవి ముందుకు కొంచెం వంపు తిరిగి ఉంటాయి. వాటి మీద నాలుగైదు కిలోల తల నిలబడి ఉంటుంది. పగలు ఆ బరువు కింద వెన్నుపూసల మధ్య డిస్కులు కాస్త నీరు కోల్పోయి పలచబడతాయి, రాత్రి పడుకున్నాక మళ్లీ నీరు పీల్చుకుంటాయి. పొద్దున లేచేసరికి మనం రాత్రి కంటే సెంటీమీటరు పైన పొడుగుంటాం, కారణం అదే. నిలబడినప్పుడు మెడ ఎలా ఉందో పడుకున్నప్పుడూ దాదాపు అలాగే ఉంటే కండరాలకూ కీళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది. ఆరేడు గంటలు వంకరగా ఉంటే పొద్దున మెడ పట్టేస్తుంది.

వెల్లకిలా పడుకునేవాళ్లకు ఈ ఖాళీ చిన్నది. మెడ వెనక వంపు దగ్గర కొంచెం ఎక్కువ, తల కింద తక్కువ. పక్కకు తిరిగితే లెక్క మొత్తం మారిపోతుంది. ఇప్పుడు భుజం వెడల్పు మధ్యలోకి వస్తుంది. అందుకే దిండు మానేసినప్పుడు మీ అమ్మకు నొప్పి పెరిగింది. ఆ సలహా వెల్లకిలా పడుకునే సన్నటి మనిషికి పనికి రావచ్చు. పక్కకు పడుకునేవాళ్ల తల మాత్రం ఆధారం లేక భుజం ఎత్తు మేరకు కిందికి వాలిపోతుంది. మరి రెండు దిండ్లు పెట్టుకుంటే ఎందుకు తగ్గలేదు? నా అనుమానం, అవి రెండూ కలిసి ఎక్కువయ్యాయి, ఒక్కటైతే చాలదు. సర్వైకల్ (మెడ ఎముకల నొప్పి) అంటూ వచ్చేవాళ్లలో చాలామంది ఇబ్బంది ఇదే. వాళ్లకు కావలసిన ఎత్తు ఒక దిండుకూ రెండు దిండ్లకూ మధ్యలో ఉంటుంది.

కొలత ఇలా తియ్యి. అమ్మను గోడ పక్కన నిలబెట్టు. భుజం గోడకు ఆనాలి, ఒత్తకూడదు. చూపు ఎదురుగా, మెడ నిటారుగా ఉండాలి. చెవి దగ్గర తల పక్క భాగం నుంచి గోడ దాకా స్కేలు పెట్టు. పెద్దవాళ్లలో చాలామందికి ఇది నాలుగు నుంచి ఆరు అంగుళాల మధ్య వస్తుంది. వెల్లకిలా పడుకునేవాళ్లకైతే వీపు గోడకు ఆనించి, తలను వెనక్కి నెట్టకుండా మామూలుగా నిలబెట్టి, తల వెనక నుంచి గోడకు ఎంత దూరముందో చూడు. ఇది రెండు మూడు అంగుళాలకు మించకపోవచ్చు. నడి వీపు వంగిన ముసలివాళ్లకు మాత్రం బాగా ఎక్కువ వస్తుంది. "పల్చటి దిండే ఆరోగ్యం" అని అలాంటి ముసలమ్మకు సన్న దిండు అంటగట్టకు. తల వెనక్కి వాలిపోయి ఆమెకు కళ్లు తిరగవచ్చు, నిద్రా పట్టదు. ఆమెకు ఎత్తైన దిండే సరైన దిండు.

ఇప్పుడు ఆ కొలతలోంచి పరుపు లోతు తియ్యాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. నేల మీద చాప పరుచుకుని పడుకునేవాళ్ల భుజం కిందికి దిగదు, కాబట్టి కొలత దాదాపు మొత్తం దిండులో ఉండాలి. గట్టిపడిన పాత దూది పరుపు మీద అరంగుళం తీస్తే సరిపోతుంది. మెత్తటి ఫోమ్ పరుపు మీద భుజం, నడుము లోపలికి దిగుతాయి, తల అంతగా దిగదు. అక్కడ అంగుళం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తీసెయ్యాలి. ఇంట్లో పాత పరుపు తీసేసి కొత్తగా మెత్తటిది కొన్న నెలకు మెడ పట్టేస్తోందని వచ్చేవాళ్లు కొత్త పరుపును తిడుతుంటారు. పరుపు మారింది, దిండు మారలేదు, అంతే. నులక మంచం సంగతి వేరు. నడుము దగ్గర కుంగి, తలవైపు దానంతట అదే పైకి లేస్తుంది. దానికి స్కేలు లెక్కలు పనికిరావు, పడుకోబెట్టి కళ్లతో చూసుకోవాల్సిందే.

కళ్లతో చూడడం అన్ని మంచాలకూ అవసరమే. అమ్మ పక్కకు పడుకున్నాక ఒక పది నిమిషాలు ఆగి, వెనక నుంచి ఫోన్‌తో ఫొటో తియ్యి. తల వెనక మధ్యభాగం, మెడ, వీపు మధ్య ఎముకల వరుస ఒకే గీతలో ఉండాలి. ముందు నుంచి తీస్తే ముక్కు, గడ్డం, ఛాతీ మధ్య ఎముక ఒకే గీత. గీత ఎక్కడ విరిగితే అక్కడ ఎత్తు తేడా ఉందన్నమాట. భుజం దిండు మీదకు ఎక్కకూడదు, దిండు అంచు మెడ మొదట్లో ఆగాలి. చాలామంది సగం వీపు దాకా దిండు మీద వేసుకుని పడుకుంటారు, అలా పడుకుంటే ఏ దిండైనా దండగే.

దిండు ఎత్తును అల్మరాలో ఉన్నప్పుడు కొలిచి మోసపోకు. ఐదు కిలోల బియ్యం సంచి తల బరువుకు దగ్గరగా ఉంటుంది. రాత్రి దాన్ని దిండు మధ్యలో పెట్టి, పొద్దున సంచి కింద ఎంత మిగిలిందో కొలువు. కొత్తగా నింపిన దూది దిండు చూడ్డానికి ఏడంగుళాలు ఉన్నా బరువు కింద సగానికి దిగిపోవచ్చు. కస్టమర్‌కు చెప్పాల్సిన ఎత్తు ఆ దిగిన తర్వాతి ఎత్తే. ఈ పరీక్ష మీ దుకాణంలో ఉన్న ప్రతి రకం దిండుకూ చేసి, కొలతలు గోడకు అంటించుకో.

ఇంతవరకూ చెప్పింది చదివితే ఏం కుట్టాలో నీకే తెలిసిపోయి ఉంటుంది. ఎత్తు మార్చుకునే దిండు. ఒకే సంచిలో దూది కుక్కే బదులు లోపల పల్చటి పొరలు పెట్టు, ఒక్కోటి బరువు కింద అంగుళం మిగిలేలా. పరుపుకు వేసినట్టే ఒక్కో పొరకూ టాకాలు వేస్తే దూది ఒక మూలకు చేరదు. నాన్న చేతికి అలవాటైన పనే కాబట్టి ఆయన వద్దనరు. పైసంచికి జిప్పు పెట్టు, కస్టమర్ తనకు తానే పొర తీసుకుంటాడు, పెట్టుకుంటాడు. పొడవు రెండడుగుల పైన ఉండాలి, నిద్రలో పక్కకు దొర్లినా తల జారకుండా. వెడల్పు పదిహేను పదహారు అంగుళాలు చాలు. మామూలు దిండు రెండు గుడ్డలు కలిపి కుడతాం కనుక మధ్యలో ఉబ్బుగా, అంచుల్లో సన్నగా ఉంటుంది. తల అంచుకు వచ్చిందంటే జారిపోతుంది. చుట్టూ రెండున్నర అంగుళాల పట్టీ వేసి పెట్టెలా కుడితే అంచు దాకా ఒకే ఎత్తు దొరుకుతుంది. నాకు తెలిసి పక్కకు పడుకునేవాళ్లకు ఈ ఒక్క పట్టీ చేసే మేలు ఖరీదైన గుడ్డలేవీ చెయ్యవు.

ఇంకో అడుగు వేస్తానంటే, రెండు పక్కల ఒక పొర ఎక్కువ, మధ్యలో ఒక పొర తక్కువ ఉండేలా కుట్టు. రాత్రంతా ఎవరూ ఒకే తీరున పడుకోరు. వెల్లకిలా ఉన్నప్పుడు తల మధ్య పల్లంలో ఉంటుంది, తిరిగితే పక్కన ఎత్తు మీదకు వస్తుంది. మెడ కిందకు మూడంగుళాల లావున్న చిన్న చుట్ట ఒకటి విడిగా కుట్టి, దిండు ముందు అంచులో గలీబు లోపల పెట్టుకోమని ఇవ్వవచ్చు. వెల్లకిలా పడుకునేవాళ్లకు అది నచ్చుతుంది. కొందరికి అసలు నచ్చదు, బలవంతం చెయ్యకు.

నాన్న విసుక్కునే వంకర దిండు గురించి ఒక మాట. ఒక వైపు ఎత్తు, మధ్యలో పల్లం, రెండో వైపు తక్కువ ఎత్తు ఉండే ఫోమ్ దిండును ఆస్ట్రేలియాలో మామూలు ఫోమ్ దిండుతో పోల్చి చూశారు. వంపు వల్ల అదనంగా మేలు జరిగినట్టు తేలలేదు. ఆ పరిశోధనల్లో పొద్దున్నే వచ్చే తలనొప్పి, భుజం నొప్పి విషయంలో బాగా పనిచేసింది రబ్బరు లేటెక్స్ దిండు. ఈకల దిండు అన్నిటికంటే వెనకబడింది. అంటే వంపు మీద నాన్న అనుమానం సబబే, దూదిని మించింది లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

దూదిలో మంచి గుణాలు చాలా ఉన్నాయి. చెమట పీల్చుకుంటుంది, గాలి ఆడుతుంది, ఏనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో పత్తికి కొరత లేదు. దాని లోపం ఒక్కటే, కుంగుతుంది. ఆరు నెలల్లో ఉండలు కట్టి గట్టిపడుతుంది, తలకు నూనె రాసుకునే ఇళ్లలో ఇంకా తొందరగా. మొదటి రోజు సరిగ్గా కుదిరిన ఎత్తు సంక్రాంతి నాటికి ఉండదు. బూరుగు దూది తేలికగా, మెత్తగా ఉంటుంది, నీరు పట్టదు. కానీ తల ఆనే చోట ఇంకా త్వరగా నలిగిపోతుంది. పై పొరకు హాయిగా ఉంటుంది, ఎత్తు నిలబెట్టే పనికి పెట్టకు. రెక్రాన్ అని అందరూ పిలిచే పాలిస్టర్ ఫైబర్ చవక, కొత్తలో ఉబ్బుగా ఉండి తర్వాత చదునవుతుంది.

మెమొరీ ఫోమ్‌ను 1966లో చార్లెస్ యోస్ట్ అనే ఇంజినీరు నాసా కోసం తయారుచేశాడు, విమాన సీట్ల మెత్తల కోసం. ఒంటి వేడికి మెత్తబడి ఆకారం తీసుకోవడం దాని గుణం. మన దగ్గర ఆ గుణమే తిరగబడుతుంది. మే నెలలో కరెంటు పోయిన రాత్రి అది ముందే మెత్తబడి తల కిందికి దిగిపోతుంది, పైగా వేడి పట్టి ఉంచుతుంది. డిసెంబరు చలిలో పడుకోగానే చెక్కలా తగులుతుంది. ఏసీ గదిలో పడుకునేవాళ్లకు ఈ బాధ లేదు. లేటెక్స్ ఎండాకాలం చలికాలం దాదాపు ఒకేలా ఉంటుంది, నొక్కితే వెంటనే లేస్తుంది. బరువు ఎక్కువ, ధరా ఎక్కువే. రబ్బరు పడని అలర్జీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, అడిగి ఇవ్వు.

కాబట్టి నేనైతే మధ్యలో చిల్లులున్న లేటెక్స్ షీటు ఒక పొర, దాని పైనా కిందా టాకాలు వేసిన దూది పొరలు పెట్టి కుట్టమంటాను. ఎత్తు నిలబెట్టే పని లేటెక్స్‌ది, చెమట పీల్చే పని దూదిది. లేటెక్స్‌ను ఎండలో పెట్టొద్దని, దూది పొరలను తప్పకుండా ఎండబెట్టాలని కస్టమర్‌కు చెప్పు. ఏడాదికోసారి ఆ దూది పొరలు తెచ్చిస్తే ఏకి ఇస్తామంటే మీకు మళ్లీ పని కూడా వస్తుంది. ఆన్‌లైన్ కంపెనీ ఆ పని చెయ్యలేదు. దూది ఏకే చోట నాన్న ముక్కుకు మాస్కు పెట్టుకుంటున్నారా? పత్తి ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు బిస్సినోసిస్ అనే జబ్బు రావచ్చు. నువ్వు అడగలేదు, అయినా అడుగుతున్నాను.

వెన్ను అంటే మెడ ఒక్కటే కాదు. పక్కకు పడుకునేవాళ్లకు పైకాలు ముందుకు జారి నడుము మెలితిరుగుతుంది. మోకాళ్ల మధ్య పెట్టుకునే చిన్న గట్టి దిండు కుట్టు, ఖర్చు తక్కువ, నడుం నొప్పి వాళ్లకు వెంటనే తేడా తెలుస్తుంది. నెలలు నిండుతున్న గర్భిణులకూ అది పనికొస్తుంది. వెల్లకిలా పడుకునేవాళ్లు అదే దిండును మోకాళ్ల కింద పెట్టుకోవచ్చు. బోర్లా పడుకునేవాళ్లకు మాత్రం మెడ ఎలాగూ ఒకవైపు తిరిగే ఉంటుంది. తల కింద చాలా పల్చటిది, పొట్ట కింద ఒకటి ఇచ్చి, మెల్లగా పక్కకు అలవాటు చేసుకోమను.

కొందరికి అసలు కుట్టొద్దు. "మూడు దిండ్లు లేనిదే పడుకోలేను, దమ్ము వస్తుంది" అన్న పెద్దమనిషి వస్తే అది గుండెకో ఊపిరితిత్తులకో సంబంధించింది కావచ్చు, దిండు అమ్మకుండా డాక్టరు దగ్గరకు పంపు. పసిపిల్ల తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు అడిగేవాళ్లు కూడా వస్తారు. ఏడాది లోపు పిల్లలకు ఏ దిండూ పెట్టకూడదు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది.

మీ దగ్గరకు వచ్చే వాళ్లలో బీడీలు చుట్టేవాళ్లు, మగ్గం మీద పనిచేసేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు ఉంటారు. పది గంటలు తల వంచుకుని పనిచేసిన మెడను ఏ దిండూ రాత్రికి రాత్రి సరిచెయ్యలేదు. బీడీ చాటను ఒళ్లో కాకుండా కాస్త ఎత్తు పీట మీద పెట్టుకోవడం, అరగంటకోసారి లేచి భుజాలు తిప్పడం కూడా దిండుతో పాటే చెప్పు. పడుకుని ఫోన్ చూడడానికి దిండు మడిచి తల కింద పెట్టుకునే కుర్రాళ్లకు ఏం చెప్పాలో నాకూ తోచదు.

మొదటి దిండు అమ్మకే కుట్టు. రెండు వారాలు వాడనివ్వు. మొదటి మూడు నాలుగు రోజులు కొత్తగా అనిపించడం మామూలే, నొప్పి పెరుగుతుంటే మాత్రం ఒక పొర తీసి చూడు. అప్పటికీ పెరుగుతుంటే ఆపెయ్యి. ఆ తర్వాత అమ్మకం. బోర్డు మీద "మెడ నొప్పి మాయం", "సర్వైకల్ గ్యారంటీ" అని రాయించకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది, అదీగాక అది అబద్ధం. "కొలత తీసుకుని దిండు కుడతాం, రెండు వారాల్లో ఎత్తు సరిచేసి ఇస్తాం" అని రాయించు. గోడకు ఒక స్కేలు మేకుతో కొట్టి ఉంచు. వచ్చినవాళ్లను మూడు ప్రశ్నలు అడుగు: ఏ తీరున పడుకుంటారు, కింద ఏం పరుచుకుంటారు, చేతుల్లో తిమ్మిరి ఉందా. మూడో దానికి అవునంటే ముందు డాక్టరు, తర్వాత దిండు.